బళ్లారి బస్సులో మధ్య సీటు

డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం మాత్రం రాని ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంలో ఏ తగాదా అయినా సరిగ్గా మాట్లాడేవాడు లేకనే ముదురుతుందని. ఆ మాట్లాడేవాణ్ణి నేనేనని వేరే చెప్పాలా? (కాలేజీ వక్తృత్వపు పోటీలో నాకు రెండో బహుమతిగా స్టీలు గిన్నె వచ్చింది. మొదటి బహుమతి కొట్టినవాడు నాకంటే గట్టిగా అరిచాడు, అంతే.) కొన్నేళ్ల కిందట సముద్రాలవతల ఒక దేశం ఓట్లేసుకుని మరీ తన కూటమిలోంచి బయటికొచ్చింది. వచ్చాక, ఇప్పుడు అదే కూటమితో వ్యాపారం ఎలా చెయ్యాలా అని ఏళ్ల తరబడి తలలు బాదుకుంది. టీవీలో మేధావులంతా ముక్కున వేలేసుకుంటుంటే నేనొక్కణ్ణే పడీపడీ నవ్వాను. మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "వార్తలకు నవ్వే మనిషిని నిన్నే చూస్తాండా" అంది. ఆ తతంగమంతా మేము అంతకు చాలా ముందే రాయదుర్గంలో ఒక్క వీధిలో చేసి చూపించామని ఆమెకేం తెలుసు!

మా మేనమామది బెళుగుప్ప పక్క మెట్ట సేద్యం. వేరుశనగ వరసగా ఎండిపోయి, బోరు గాలి తప్ప ఇంకేమీ కక్కని స్థితికి వచ్చాక, ఆయన సేద్యానికి దండం పెట్టి రాయదుర్గం చేరి, వయసులో నేర్చిన కుట్టుపనిని మళ్లీ పట్టుకున్నాడు. ఇంటి ముందుగది నిండా కుట్టుమిషన్లు. బళ్లారి సేటు కత్తిరించిన జీన్సు గుడ్డ పంపుతాడు, మామ ఇంట్లో దాన్ని ప్యాంట్లుగా కుట్టి పంపుతారు. ఉద్యోగం వచ్చేదాకా సాయంగా ఉంటానని నేనక్కడ చేరాను. సాయమంటే ముఖ్యంగా అత్త చేసిన రాగిసంగటి తినడం, అడగనివాళ్లకు సలహాలివ్వడం. ఊళ్లో ఇలా కుట్టే ఇళ్లన్నిటికీ కలిపి ఒక సంఘం ఉండేది. సేట్ల దగ్గర పని తెచ్చి వంతులవారీగా పంచేది, కుట్టుకూలి ఖాయం చేసేది అదే. దాని ప్రెసిడెంటు కత్తెర సాయిబు. (ఆయన కత్తిరిస్తే గుడ్డ గీత గీసినంత నేరుగా వస్తుందని ఆ పేరు. అసలు పేరు పోస్టుమ్యాన్‌కు కూడా గుర్తుండేది కాదు.) ఆయనా మా మామా ఒకే టైలరు దగ్గర పని నేర్చిన స్నేహితులు. ఒకరినొకరు "బావా" అని తప్ప పిలుచుకుని ఎరగరు.

మా వీధివాళ్ల బాధ ఒక్కటే. మా కుట్టు నాణ్యమైంది, కూలి మాత్రం అందరితో సమానం. సంఘం లేకపోతే సేటు దగ్గరికి మనమే నేరుగా పోయి మంచి రేటు తెచ్చుకోవచ్చు కదా అని గొణుగుడు మొదలైంది. గొణుగుడు కాస్తా మామ ఇంటి ముందు మీటింగయింది. మీటింగంటే నేనాగుతానా! అరుగెక్కి, "సూది మనది, దారం మనది, చెమట మనది, నడుమ సంఘమెందుకు?" అని గొంతు చించుకున్నాను. చప్పట్లు. ఆ తరువాత చేతులెత్తే ఓటు. సంఘంలో ఉందామన్నవాళ్ల చేతులకంటే పోదామన్నవాళ్ల చేతులు స్పష్టంగా ఎక్కువ కనిపించాయి. మామ కూడా ఎత్తాడు. ఆ పూట వీధంతా టీలు తాగి ఒకరి భుజాలు ఒకరు తట్టుకున్నాం. కత్తెర సాయిబుకు కబురు పోయింది. ఆయన "అట్లనా" అన్నాడట, అంతే.

తరువాత మామ నేరుగా సేటు దగ్గరికి పోయి వీధికంతటికీ గుడ్డ తెచ్చాడు, ఉత్సాహంగా ప్యాంట్లు కుట్టాం. మొదటి కట్ట తయారయ్యాక మా అత్త ఒక ప్యాంటు పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూసి, "గుండీలో?" అని అడిగింది. అందరం ఆ ప్యాంటు నడుము వైపు వంగి చూశాం. జీన్సు గుండీ దారంతో కుట్టేది కాదు, ఇనుప గుండీ. మిషన్‌తో గుడ్డలోకి దిగగొట్టాలి. ఊరికంతటికీ ఒక్కటే ఉన్న ఆ మిషన్ సంఘానిది, సాయిబు ఇంటి వసారాలో ఉంటుంది. కుట్టినవన్నీ అక్కడికి తీసుకుపోయి కొట్టించుకు రావడం అందరికీ ఎంత అలవాటంటే, అదొక పని అనే ఎవరికీ తోచలేదు. అన్ని ఉపన్యాసాల్లో, అన్ని చర్చల్లో ప్యాంటుకు గుండీ ఉంటుందన్న సంగతి ఒక్కడికీ గుర్తురాలేదు. అప్పటికి మాలో సగంమందిమి ప్యాంట్లు తొడుక్కునే ఉన్నాం.

ఇక రోజూ సాయంత్రం మామ అరుగు మీద చర్చలు. పక్కింట్లో ఒకాయన ఉండేవాడు, ఎవరేమన్నా దానికి ఎదురు చెప్పడం ఆయన వృత్తి. అడ్డమన్న అనేవాళ్లం. "తెంచుకున్యాక తెంచుకున్నట్టే ఉండాల. గుండీలు లేకుంటే నాడాలు కట్టి పంపుదాం" అన్నాడు. జీన్సు ప్యాంటుకు నాడా ఊహించుకుని ఒకరిద్దరు తమ నడుములు తడుముకున్నారు. ఇంకొకాయన, "సంఘంలో ఉండొద్దప్పా, గుండీల్లో మాత్రం ఉందాం" అన్నాడు. "కొత్త మిషన్ కొందాం" అని మరొకాయన. "దుడ్లు మీ నాయన ఇస్తాడా?" అని అడ్డమన్న. మాటమీద మాట పెరిగి, అసలు ఎవరెందుకు చెయ్యెత్తారో అప్పుడు బయటపడింది. సాయిబు కూతురి పెండ్లిలో తనను రెండో పంక్తిలో కూర్చోబెట్టారని ఒకాయన ఎత్తాడట. "నేనెత్తింది బయటికి పోవల్లని కాదన్నా, సాయిబుకు రవ్వంత బెదురు రావల్లని" అని ఇంకొకాయన. ఒక ముసలాయనైతే టీ ఎవరెవరికి కావాలో అడుగుతున్నారనుకున్నాడట! అందరూ ఒప్పుకున్నది ఒక్కటే. మనమే ముందు సాయిబు గడప తొక్కితే తగ్గినట్టు. అవతల సాయిబు మనుషులూ అచ్చం అదే అనుకుంటున్నారని మాకు వినబడుతూనే ఉంది.

ఇంతలో సేటు నుంచి కబురొచ్చింది. శుక్రవారంలోగా ప్యాంట్లు రాకపోతే మామకిచ్చిన గుడ్డంతా తిరిగి తీసుకుపోయి వేరే ఊళ్లో ఇస్తాడట. అంటే ఇక పని రాదు. పని లేకపోతే మిషన్లుండి ఏం లాభం? ముందుగదిలో గుండీల్లేని ప్యాంట్లు కిటికీ దాకా పేరుకున్నాయి. మిషన్లు ఆగిపోయాయి. ఎప్పుడూ ఆ చప్పుడులోనే తినీ పడుకునీ అలవాటైన ఇల్లు చావు ఇల్లులా అయిపోయింది. మామ స్టూలు మీద కూర్చుని, "భూమి పాయె. అది వాన చేతిలో ఉన్నింది, మనమేం జేస్తాం. ఇది నా చేతిలో ఉండేది కదబ్బీ. ఇదీ పోతే ఈ వయసులో నేను యాడికి పోవాల?" అన్నాడు. ఆయన అలా అడగ్గా నేనెప్పుడూ వినలేదు. నాకు సిగ్గు వెయ్యాల్సింది, కానీ అది రావాల్సిన చోటికి పౌరుషం వచ్చింది. "నేను మాట్లాడతా మామా" అన్నాను. మామ నా వంక చూసిన చూపుకు అర్థం అప్పుడు నాకు తట్టలేదు.

దారి చూపింది అత్త. సాయంత్రం కొళాయి దగ్గర సాయిబు భార్య కనబడితే, "మా ఇంటాయన రేపు పొద్దున మొదటి బస్సుకు బళ్లారికి పోతాండాడక్కా, సేటును గడువడిగేకి" అని మాత్రం చెప్పి బిందె ఎత్తుకుని వచ్చేసింది. పిలుపు కాదు, రాయబారం అసలే కాదు, వట్టి కబురు. బస్సు సర్కారుది కాబట్టి అందులో ఎవరూ ఎవరి గడపా తొక్కినట్టు కాదు. పైగా సరిహద్దు దాటితే కర్ణాటక, మనల్ని చూసి ఊళ్లో చెప్పేవాళ్లు కూడా తగ్గిపోతారు.

మర్నాడు బస్సు స్టాండులోకి వస్తూండగానే కిటికీలోంచి మామ తువ్వాలు ముగ్గురు కూర్చునే సీటు మీదికి విసిరాను. ఎక్కి చూద్దును కదా, అదే సీటు మీద కిటికీ వైపు ఇంకొక తువ్వాలు పడి ఉంది. దాని వెనకే కత్తెర సాయిబు వచ్చాడు. ఆయన కిటికీ దగ్గర, మామ ఈ చివర, నడుమ నేను. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, బట్టీ పట్టిన ఉపన్యాసం. సరిహద్దు వచ్చేదాకా సాయిబు ఎండిన చేలను చూస్తున్నాడు, మామ కండక్టరు సంచీని చూస్తున్నాడు. గతుకు తగిలినప్పుడల్లా ఇద్దరి భుజాలూ నన్ను నలుపుతున్నాయి. నా చొక్కా చెమటకు తడిసిపోయింది.

చెక్‌పోస్టు దాటి బోర్డులు కన్నడంలోకి మారగానే సాయిబు గొంతు సవరించుకుని నాతో, "ఏమబ్బీ, మీ మామ బాగుండాడా?" అన్నాడు.

"బాగుండాడని చెప్పు" అన్నాడు మామ, అవతలికి చూస్తూ.

"బాగున్నాడంట" అన్నాను.

"ప్యాంట్లు కుట్టినారంట?"

"కుట్టినామని చెప్పు."

"మరి గుండీలు?"

మామ తన తువ్వాలు మడతపెట్టడం మొదలుపెట్టాడు. ఆ క్షణంలో నేను "లేవు" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటే బళ్లారి చేరేలోగా అంతా సర్దుకునేది. కానీ బట్టీ పట్టిన ఉపన్యాసం లోపల ఊరుకోదే! "సోదరులారా" అని మొదలుపెట్టేశాను. (అలవాటు. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపి వెనక్కి తిరిగి చూశాడు.) మా వీధి ఆత్మగౌరవం గురించి, సంఘం పెత్తనం గురించి, శ్రమ గురించి దంచి పడేశాను. సాయిబు అంతా ఓపిగ్గా విని, "సరేబ్బీ. గుండీలు కొట్టనంటే మీరేం జేస్తారు?" అని మెల్లగా అడిగాడు.

"ఏం చేస్తామా! మా మామ మిషన్లన్నీ అమ్ముకుంటాడు గానీ మీ గడప మాత్రం తొక్కడు!"

ముందు సీటాయన కూడా వెనక్కి తిరిగాడు. నా చెవుల్లో నా గొంతే మోగుతోంది. మామ మొహంలో రక్తం లేదు. ఆయన మెల్లగా సాయిబు వైపు తిరిగాడు, అన్నాళ్లలో మొదటిసారి. నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి మాట రాకముందే సాయిబు చెయ్యి అడ్డం పెట్టి, నా భుజం మీద ఒక్కటి తట్టి, "లెయ్ అబ్బీ. వెనక సీటుకు పో" అన్నాడు.

"చర్చ ఇంకా..."

"పొమ్మంటి కదా!"

మామ వంక చూశాను. ఆయన కాళ్లకిందికి చూస్తూ, "పోబ్బీ" అన్నాడు. వెనక్కి పోయి, పచ్చిమిరపకాయల గంప పెట్టుకున్న ఒకావిడ పక్కన కూర్చున్నాను. "ఏం నాయనా, తరిమిరా?" అని ఆమె జాలిగా అడిగింది. అక్కడినుంచి నాకు కనిపించేది రెండు తలకాయలు, నడుమ ఖాళీ. సాయిబు తల విసురుగా ఊగింది. మామ చెయ్యి లేచింది, వాలింది, మళ్లీ లేచింది. ఇక అయిపోయింది, మిషన్లు పోయాయి అనుకుని కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి నడుమ ఖాళీ లేదు. ఎవరు ముందు జరిగారో నేను చూడలేదు. (ఈ సంగతి వీధిలో చాలామంది నన్నడిగారు. పాపం, అందరికీ కావాల్సింది ఆ ఒక్క సమాచారమే.) బళ్లారిలో దిగాక మామ నా దగ్గరికొచ్చి, "రాబ్బీ, బావ టీ చెప్పినాడు" అన్నాడు. ఆ "బావ" విన్నాక నా ప్రాణం లేచొచ్చింది.

ఆ సాయంత్రం అరుగు మీద మామ ఒప్పందం చెప్పాడు. మన వీధి సంఘం బయటే ఉంటుంది. గుండీలు కొట్టేది సాయిబు వసారాలోనే, వాళ్లవి అయిపోయాక మనవి. బదులుకు వాళ్లకు పని మీదపడినప్పుడు మనం పంచుకుని కుట్టాలి. "అంతేనా?" అన్నాడు అడ్డమన్న, ఎదురు చెప్పడానికి ఏమీ దొరక్క. "ఇంగోటుండాది" అన్నాడు మామ. "మా అల్లుడు ఇంగ సంఘం మాటల్లోకి రాగూడదంట." "దానికి నువ్వేమంటివన్నా?" "ఏమంటా, సరే అంటి." గుండీల కోసం బళ్లారి దాకా వాదించిన మనిషి నా విషయంలో ఒక్క నిమిషం కూడా బేరమాడలేదు! పైగా నా ఉపన్యాసానికి వచ్చినదానికంటే ఆ షరతుకు చప్పట్లు ఎక్కువ వచ్చాయి. శుక్రవారానికి ప్యాంట్లు బళ్లారి చేరాయి, ముందుగది మళ్లీ మోగింది. నేను మాత్రం మూతి ముడుచుకుని అనంతపురం బస్సెక్కాను.

చాలా ఏళ్లు ఆ అవమానం నన్ను కుడుతూనే ఉంది. మొన్నామధ్య మామ మనవరాలి పెండ్లిలో కత్తెర సాయిబు కుర్చీలో కూర్చుని కనబడ్డాడు. గడ్డం నెరిసింది, చేతిలో కర్ర. పక్కన కూర్చుని, "ఆ పొద్దు నన్నెందుకు లేపేస్తివి సాయిబూ? మామ నన్ను తిట్టబోతా ఉన్నాడు కదా, తిట్టనిచ్చింటే పోయేది" అన్నాను.

సాయిబు నన్ను వింతగా చూశాడు. "తిట్టేకా? నిన్నా? యాడిదబ్బీ! నువ్వన్న మాటకు ఔననేకి నోరు తెరిసినాడు మీ మామ. అల్లుడు పదిమందిలో మాటిచ్చినాక అబద్ధం చెయ్యగూడదని. ఔనని ఆ నోట్లోనుంచి వచ్చింటే, నేను కాళ్లు పట్టుకున్యా వెనక్కి తీసుకునేవాడు కాదు. మిషన్లు పోయేవి. నిన్ను లేపకుండా ఏం జెయ్యాల?"

పందిట్లో అవతల మామ ఎవరినో అన్నం దగ్గర తొందరపెడుతున్నాడు. ఆ మిషన్ల కోసమే గొంతు చించుకున్నానని అనుకున్నాను నేను. నా మాట పోకూడదని వాటినే వదులుకోబోయాడు ఆయన. ఆ బస్సులో ఇస్త్రీ చొక్కా వేసుకున్న కుర్రాణ్ణి తలచుకుంటే నవ్వొచ్చింది. ఏదన్నా మంచి మాట చెబుదామని సాయిబు చెయ్యి పట్టుకున్నాను. ఒక్క మాట కూడా రాలేదు.