బెతేలుపేట దావా

ముమ్మిడివరం ప్లీడరు ప్రభాకరరావుని బెదిరించినవాళ్లెవరూ గొంతు పెంచలేదు. అందరూ అండీ అండీ అంటూనే మాట్లాడేరు. ఆయనకి భయం పట్టుకున్నది కూడా అందుకే.

ఆయన తండ్రి పెద్ద రైతుల చేలల్లో కోతలు కోసిన మనిషి. తల్లి అచ్చాయమ్మ చర్చి బడిలో అక్షరాలు నేర్చుకుని కొడుక్కి తనే దిద్దబెట్టింది. వాళ్ల పేటలో ఎవరికి ఏ కాగితం వచ్చినా ఆ పిల్లాడి చేత చదివించుకునేవారు. ఒకసారి ఒక ముసలాయనకి ఇల్లు ఖాళీ చెయ్యమని నోటీసొస్తే గడగడా చదివేసేడు. "మరి దీనికి జవాబేం రాయాలి అబ్బాయ్?" అని ముసలాయన అడిగితే నోరు పెగల్లేదు. ఆ సిగ్గుతోనే లా చదివేడని చెప్పుకుంటాడు. ముప్ఫై ఏళ్లుగా నల్లకోటు వేస్తున్నాడు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి అరుగు మీద కూర్చుంటే పింఛను ఆగినవాళ్లు, పట్టాలో పేరు తప్పు పడ్డవాళ్లు చుట్టూ చేరతారు. భార్య సుగుణ, టీచరు, అన్నం చల్లారిపోతోందని ఫోను చేస్తేగానీ అక్కణ్ణించి లేవడు.

అలాంటి ఒక ఆదివారం జయమ్మ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. కాట్రేనికోన అవతల బెతేలుపేట నుంచి రెండు ఆటోలు మారి, సంచిలో ఒక నీళ్ల సీసా పెట్టుకుని వచ్చింది.

"మా బోరింగు నీళ్లండి బాబూ. ఒక గుక్క తాగండి."

తాగేడు. ఉప్పు కషాయం. గొంతు మండింది.

పేట చుట్టూ రొయ్యల చెరువులు తవ్వేరట. ఆఖరి చెరువైతే సమాధుల దొడ్డి గోడనే ఆనుకుని తవ్వేరట. "మా ఆయన్ని పెట్టిన చోట నీరూరతందండి. వానలకి కాదు, మండుటెండల్లో," అంది జయమ్మ.

చెరువులు నాగదుర్గాప్రసాద్ అనే ఆసామివి. గోడ పక్క చెరువు పూడ్పించాలని తొమ్మిదిమంది సంతకాలతో ప్రభాకరరావు దావా వేసేడు. ఇరవై ఏళ్లుగా ఆయన దగ్గర గుమాస్తాగా ఉన్న సత్యనారాయణమూర్తిగారు వకాల్తా మీద స్టాంపు అంటిస్తూ, "బాగా ఆలోచించుకున్నారా అండి?" అని అడిగేరు. ఆయన ఏదీ రెండోసారి అడిగే మనిషి కాదు.

వారం తిరక్కుండానే కోర్టు వరండాలో ప్రసాద్ ఎదురుపడ్డాడు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, నిదానమైన మాట.

"మీరంటే మాకు గౌరవమండి ప్లీడరుగారూ. మొన్న మా గట్ల మీద బండేసుకుని తిరిగేరంట. బంకమట్టండి అది, జారిపోద్ది."

"చూసుకునే వెళ్తానండి."

"ఆయ్. మీరు చూసుకుంటారండి. అవతలోడు కూడా చూసుకోవాలి కదండి." ప్రభాకరరావు కోటు భుజానికి అంటిన దుమ్ముని వేలితో సుతారంగా దులిపి వెళ్లిపోయేడు.

ఆ తర్వాత వాయిదా వాయిదాకీ సంతకాలు పెట్టినవాళ్లు ఒక్కొక్కరే జారుకోవడం మొదలెట్టేరు. అందరికంటే ముందు దీపక్ వచ్చేడు. వలకి వెళ్లే మనిషి, కండలు తిరిగినవాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"నా పేరు తీసేయండి సార్."

"ఎవరైనా ఏమన్నా అన్నారా?"

"ఎవరూ ఏమీ అన్లేదండి. మా ఇంటికొచ్చి టీ తాగేరు. పిల్లల పేర్లడిగేరు. ఏ బళ్లో చదూతున్నారో అడిగేరు. అంతేనండి."

చెరువు చూసి రమ్మని కోర్టు కమిషనర్ని వేసేనాటికి తొమ్మిదిమందిలో మిగిలింది జయమ్మ ఒక్కతే. ఆ రోజు చెరువు గట్టున షామియానా, కుర్చీలు, కొబ్బరిబొండాలు సిద్ధంగా ఉన్నాయి. పేటలో తలుపులన్నీ వేసున్నాయి. ఒక్క పిల్లాడు కూడా బయటికి రాలేదు. "చూసేరా అండి, ఇక్కడెవరికీ ఏ ఇబ్బందీ లేదండి," అన్నాడు ప్రసాద్.

జయమ్మ బోరింగు కొట్టి గ్లాసు నింపి కమిషనరుకి అందించింది. ఆయన నోటి దాకా తీసుకెళ్లి, పెదవి తగలగానే దించేసేడు. ఆవిడ ఆయన్ని సమాధుల దొడ్డిలోకి తీసుకెళ్లింది. ఆవిడ భర్త సిలువ ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుంది. కమిషనరు అక్కడ నిలబడే రాసుకున్నాడు. షామియానా కిందకి మళ్లీ వెళ్లలేదు.

జనవరిలో తీర్పు వచ్చింది. అరవై రోజుల్లో గోడ పక్క చెరువు పూడ్చెయ్యాలి. బార్ అసోసియేషన్‌లో ఇద్దరు తప్ప ఎవరూ ఆయనతో చెయ్యి కలపలేదు. ఆఫీసు గది యజమాని మాత్రం మర్నాడే వచ్చి, గది తమకే కావాల్సి వచ్చిందనీ, ఏమీ అనుకోవద్దనీ చెప్పేడు.

అరవై రోజులూ గడిచేయి. చెరువులో రొయ్యలకి గాలి అందించే ఏరేటర్లు తిరుగుతూనే ఉన్నాయి. అది చూసి, ఫొటోలు తీసుకుని మధ్యాహ్నం రెండు గంటలకి తిరిగొస్తూంటే వెనక నుంచి ఖాళీ టిప్పరొకటి వచ్చింది. ప్రభాకరరావు బండి పక్కకి తీసి దారిచ్చేడు. టిప్పరు కూడా పక్కకే వచ్చింది. కాలవలో పడ్డాడు గనక బతికేడు. ఎడమకాలు రెండుచోట్ల విరిగింది. నంబరు ప్లేటు మీద మట్టి మెత్తి ఉందని మాత్రం ఆయనకి గుర్తుంది.

అమలాపురం ఆస్పత్రికి మూడోరోజు ప్రసాద్ దానిమ్మపళ్లు పట్టుకుని వచ్చేడు. మంచం పక్కనే కూర్చున్నాడు. తెలిసిన డాక్టరున్నాడు, చెప్పమంటారా అనడిగేడు. లేస్తూ, "మీ అమ్మాయి జెస్సీగారు కాకినాడలో చదువుతున్నారు కదండి. శనివారం శనివారం బస్సులో వస్తారంట. ఒక్కరేనా అండి?" అన్నాడు.

జావ తాగిస్తున్న సుగుణ గిన్నె కింద పెట్టేసింది.

ప్రభాకరరావు పోలీసులకి ఫిర్యాదు రాసిచ్చేడు. రోగిని పరామర్శించి, కూతురి గురించి అడగడం ఏ సెక్షను కిందకీ రాదని రాస్తున్నప్పుడే ఆయనకి తెలుసు. ఆ సాయంత్రం భార్యతో, "దావా ఇంకెవరికైనా ఇచ్చేస్తాను సుగుణా," అన్నాడు. ముప్ఫై ఏళ్లలో ఆయన అలా అనడం అదే మొదలు.

"ఎవరు తీసుకుంటారండి?" అంది సుగుణ. "నేను సెలవు పెట్టి కాకినాడ వెళ్లి దాని దగ్గరే ఉంటాను. మీరు కానివ్వండి."

తీర్పు అమలు చెయ్యమనే పిటిషను మంచం మీదే రాసేడు. గుమాస్తా మూర్తిగారు స్టాంపు ప్యాడు తెస్తే జయమ్మ వేలిముద్ర వేసింది. జూలైలో తీర్పులు అమలు చేయించే కోర్టు అమీనా పోలీసులతో వెళ్లి గట్టు తెగ్గొట్టించేడు. చెరువు ఖాళీ అవడానికి రెండ్రోజులు పట్టింది. మూడో రోజున మట్టి పోసి పూడుస్తూంటే బెతేలుపేట వాళ్లు గోడ దగ్గరకొచ్చి నిలబడి చూసేరు. కొంచెం దూరంలో జీపులో కూర్చుని ప్రసాద్ వాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూస్తున్నాడు.

మిగతా ఏడు చెరువులూ అలాగే ఉన్నాయి. బోరింగు నీళ్లూ ఉప్పగానే ఉన్నాయి. సుగుణ ఇంకా తిరిగి రాలేదు. కాకినాడ నుంచి పూటపూటకీ ఫోను చేసి, తలుపు గడియ పెట్టుకున్నారా అని మాత్రం అడుగుతుంది.

పోయిన నెల బెతేలుపేట నుంచి ఐదుగురు ఆటోలో వచ్చేరు. దీపక్ కూడా ఉన్నాడు. ఆ ఏడు చెరువుల మీదా దావా వేస్తామన్నారు. ప్రభాకరరావు కర్ర ఆనించి లేచి, వీధి తలుపు మూసి వచ్చేడు. ఇందులో తనకి జరిగింది వాళ్లలో ఎవరికైనా జరగొచ్చనీ, అంతకన్నా ఎక్కువే జరగొచ్చనీ, తను ఆపలేననీ ఉన్నదున్నట్టు చెప్పేడు. ఇళ్లకెళ్లి ఆడవాళ్లతో కూడా మాట్లాడి రమ్మన్నాడు.

"మాట్లాడే వచ్చేమండి," అన్నాడు దీపక్.

ప్రభాకరరావు కాగితాలు ముందుకి జరిపి, ఎక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపించేడు.