వద్దన్న మజ్జిగ

నోరున్న ఆడదానికి మాట్లాడటం కూడా ఇంకొకరు నేర్పాలని నాకు తెలియని రోజులవి. ఐదో క్లాసు చదువుతో తెనాలిలో ఒక సేవాసంస్థలో, ఇళ్ళకెళ్ళి ఆరోగ్యం సంగతులు నచ్చజెప్పే పనికి కుదిరాను. చేరగానే మమ్మల్ని బాపట్ల తీసుకెళ్ళి శిక్షణ ఇప్పించారు. నేర్పినాయన ఇస్త్రీ సారు (చొక్కా నలుగుతుందని కుర్చీకి ఆనుకునేవాడు కాదు, ఆ పేరు మేం పెట్టిందే). గొంతు పెంచకూడదట, తగ్గించకూడదట. కళ్ళలోకి చూసి, "మీరిలా చేస్తుంటే నాకు బాధగా ఉంది" అనాలట. పని తేలేదాకా వెళ్ళిన ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకూడదట, ముడితే మెత్తబడిపోతామట. ఈ ముక్కలు చెప్పడానికి ఆయనకు బస్సు చార్జీలు, పైగా భోజనం! చేపల బజారులో కాసేపు నిలబడితే ఊరికే వచ్చే విద్య.

మొదటి పరీక్ష రేపల్లెలో. ఒక నిండుచూలాలికి కాళ్ళు పొంగి, కళ్ళు తిరుగుతున్నాయి. వెంటనే ఆసుపత్రిలో చూపించమని నర్సమ్మ చెప్పినా అత్తగారు ఇల్లు కదలనివ్వడం లేదు. నేను వెళ్ళగానే ఆవిడ మజ్జిగ గ్లాసు అందించింది. "వద్దండి" అన్నాను, మెడ నిలబెట్టి.

"ఏంటమ్మాయ్, మా ఇల్లు అంత కానిదైపోయిందా?"

"మీరు కోడల్ని ఆసుపత్రికి పంపకుండా ఉంటే నాకు బాధగా ఉందండి."

"నీకు బాధైతే నువ్వెళ్ళి సూదేయించుకో! గడప తొక్కి మజ్జిగ కాదన్నదానివి, నీ మాట నేను వినాలా?"

కళ్ళలోకి చూశాను. ఆవిడ నాకంటే బాగా చూసింది. లోపల మంచం మీద ఆ పిల్ల మూలిగింది. అంతే, నేర్చుకున్నదంతా ఎగిరిపోయింది. గ్లాసు లాక్కుని గటగటా తాగేసి, వరండాలో చాప పరుచుకుని కూర్చున్నాను.

"అత్తా, మజ్జిగ బాగుంది, అన్నం కూడా పెట్టు. నీ కోడలు ఆటో ఎక్కేదాకా నా మకాం ఇక్కడే."

గడప తొక్కినదాన్ని ఆకలితో ఉంచలేక పెట్టింది. నేనేమో నాట్లు వేసి పెరిగిన ఒళ్ళున్నదాన్ని. మళ్ళీ మళ్ళీ వడ్డించమనేసరికి ఆవిడ గిన్నె అడుగు చూసింది, నన్ను చూసింది.

"ఓరి దేవుడో! దీన్ని మేపడం కంటే ఆటో కిరాయే నయం. లేవే కోడలా!"

ముందు ఎక్కింది ఆవిడే. (డాక్టరమ్మతో, "అందరూ వద్దన్నా నేనే పట్టుబట్టి తీసుకొచ్చానండి" అందట. ఇస్త్రీ సారు మాత్రం ఇదంతా తన శిక్షణ గొప్పే అని ఊరూరా చెప్పుకున్నాడు.) ఆటోలో నాకు చోటు లేదు. ఇంటికి కాపలా ఉండి, మాట నెగ్గిన గర్వంతో వాళ్ళ అంట్లన్నీ ముందేసుకుని కూర్చున్నాను. తోముతున్నానే గానీ, ఆలస్యమైపోయిందేమోనని చూపంతా వీధి మీదే. చీకటి పడుతుండగా వీధిలోంచి ఎవరో "ఆడపిల్ల! ఇద్దరూ బాగున్నారు!" అని కేకేశారు. బూడిద చేతులతోనే వీధిలోకి పరిగెత్తి, ముక్కూమొహం తెలియని వాళ్ళని కావలించుకుని, అవే చేతులతో కళ్ళు తుడుచుకుంటూ ఏడ్చాను.

ఇప్పుడు నాచేత పరాయివాళ్ళ గ్లాసొకటి తోమించండి చూద్దాం! అయినా, మొహం నిండా బూడిద పూసుకున్న ఆనాటి నాలోని ఆ పిచ్చిదంటే నాకు ఇప్పటికీ ముద్దే.