రెండో పొయ్యి పొగ

మొన్న మా కోడలు తన ఫోనులో ఒక మాట ముందు అడ్డగీతల హ్యాష్ గుర్తు పెట్టి నొక్కితే, ఆ మాట మీద ఎవరెవరు ఏం రాశారో అంతా ఒకచోటికి వచ్చి పడుతుందని నాకు చూపించింది. ఆ విద్య మా తరం ఎప్పుడో చూసిందని చెప్పబోయి ఊరుకున్నాను. ఆమె అటు వెళ్లాక మాత్రం మా ఊరి పేరు కొట్టి చూశాను. ప్లాట్ల ప్రకటనలూ, ఎవరిదో పెళ్లి ఊరేగింపూ వచ్చాయి. నేను వెతికింది అవి కాదు.

తెలుగులో బ్లాగులు రాయడం అప్పుడప్పుడే మొదలైన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. నేనప్పుడు మణుగూరులో ఒక కాలేజీ ఆఫీసులో పని చేసేవాణ్ణి. పినపాక వైపు అడవి అంచున, పిలిస్తే తప్ప ఎవరూ గడప తొక్కని ఇల్లు మా తాతది. నా కాలానికి ఆ ఇంటి ముందు వసారా కూలిపోయి, నేను మరొకరి సంతకం కోసం కాగితాలు పట్టుకుని నిలబడే స్థితి వచ్చింది. నిలబడ్డాను కానీ వంగి నిలబడలేదు. సాయంత్రాలు ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని మా ఇంటి వైభవం రాసేవాణ్ణి, నా వెనక ఎవరూ నిలబడి చదవకుండా గోడవైపు కుర్చీ చూసుకుని.

మేం రాసే సైటులో వందలమందికి ఎవరి బ్లాగు వారికుండేది. అందరి కొత్త రాతలూ మొదటి పేజీలో వరుసగా కనిపించేవి. రాత కింద మనకు తోచిన మాట ఒకటి తగిలిస్తే దాన్ని ట్యాగు అనేవారు. ఆ మాట నొక్కితే, అదే మాట తగిలించిన రాతలన్నీ, ఏ బ్లాగులోవైనా సరే, కొత్తది పైన పాతది కింద చొప్పున ఒక పేజీగా చేరేవి. నేను ప్రతి రాతకూ మా ఊరి పేరు తగిలించాను. పెళ్లిపత్రికలో ఇంటిపేరు పక్కన ఊరిపేరు వేసుకున్నట్టే అనుకున్నాను. ముందు వేసినవాణ్ణి నేను గనక ఆ పేజీ మా పొలం గట్టులాంటిదనీ, ఇంకొకరు అడుగుపెట్టరనీ కూడా అనుకున్నాను.

ఒకరోజు నా రాత పైన మరో రాత కనిపించింది. పేరు లేదు, 'ఇప్పపువ్వు' అని మారుపేరు మాత్రం ఉంది. ఇల్లు చితికిపోయాక కూడా ఫలానా ఇంట్లో రోజూ రెండు పొయ్యిలు రాజేసేవారని, ఒకదాని మీద వంట, రెండోదాని మీద ఏమీ ఉండేది కాదని, పెద్ద వంటశాల ఇంకా నడుస్తోందని ఊరు అనుకోవడానికి ఆ పొగ అని అందులో రాసి ఉంది. దాని కిందే, మా ఇంట్లో రోజూ ఎందరు భోంచేసేవారో నేను రాసిన గొప్ప. చదివేవాళ్లకు రెండూ ఒకదాని తర్వాత ఒకటి.

నా ఒళ్లు మండిపోయింది. ఆ సంగతి ఇంటి మనుషులకు తప్ప తెలియదు. ముందు సెంటర్ నడిపే అతన్ని అనుమానించాను. మాటలకని దగ్గరకొచ్చి తెర వైపు చూసే అలవాటు అతనిది. కొత్తగూడెం పోయి అక్కడినుంచి రాయడం మొదలుపెట్టినా ఇప్పపువ్వు ఆగలేదు. తర్వాత సైటు నడిపేవాళ్ల మీదికి మళ్లింది అనుమానం. ఆ రాతలను మా ఊరి పేజీలోనుంచి తీసేయమని రాస్తే, ట్యాగుకు యజమాని ఉండడు, ఎవరైనా వాడుకోవచ్చు అని రెండు ముక్కల్లో జవాబిచ్చారు. ఊరికి యజమాని ఉండడని నాకు చెప్పిన మొదటి మనుషులు వాళ్లే.

ఇక మిగిలింది పెదనాన్న కొడుకు. వాటాల తగాదాలో మాతో మాటలు లేవు, చిన్నప్పుడు సెలవులన్నీ మా ఇంట్లోనే గడిపాడు. పంతం పక్కనపెట్టి ముదిగొండలో ఉన్న అతనికి ఫోన్ చేసి నిలదీశాను.

"నీ పొయ్యి ముచ్చట నాకెందుకురా? ముందుగాల నా వాటా ముచ్చట చెప్పు" అన్నాడు.

బుకాయిస్తున్నాడనే అనుకున్నాను. ఆ కోపం చెప్పుకోవడానికి వేంసూరులో ఉన్న మా అక్కకు ఫోన్ చేశాను. అక్క అక్కడ బడిలో టీచరు. కంప్యూటర్ అంటే ఆమెకు పిల్లల మార్కులు ఎక్కించే పెట్టె అని నా నమ్మకం. నేను అన్నను తిట్టినంతసేపూ విన్నది.

"అన్న కాదు తమ్మీ, నేనే రాసిన" అన్నది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "నువ్వు వాకిట్ల నిలబడి పొగ చూసినవ్. పచ్చికట్టెలు పెట్టి, కండ్లు మండంగ ఊదింది నేను. అమ్మ రోజూ ఆ పని నాకే చెప్పేది. అది నీ ఊరేనా? నాది గాదా?"

ఫోన్ పెట్టేశాను. ఆ కోపంలోనే నా రాతలన్నిటికీ ఊరి పేరు తీసేశాను. తీరా చూస్తే ఆ పేజీలో అక్క ఒక్కతే మిగిలింది. మొదటినుంచీ చదివాను. అందులో వసారా లేదు, తాత లేడు, నేను లేను. దొడ్డి గుమ్మంలోనుంచి కనిపించే ఊరు ఉంది, ఆమెను అంతకు మించి బయటకు పోనివ్వలేదు మరి. నేను లేకుండా మా ఊరు అంత నిండుగా ఉండడం భరించలేక, ఊరి పేరును మళ్లీ ఒక్కొక్క రాతకూ తగిలించుకుంటూ వచ్చాను. అయినా నా గొప్పల్లో ఒక్క అక్షరం మార్చలేదు.

తర్వాత చాలాకాలం ఆ పేజీలో ఒకటి నాది, ఒకటి ఆమెది. నేను ఏనుగు అంబారీ గురించి రాస్తే ఆమె ఏనుగుకు గడ్డి కోసినవాళ్ల గురించి రాసేది. శుభకార్యాల్లో కలిస్తే ఇద్దరమూ ఆ ఊసెత్తేవాళ్లం కాదు. వడ్డించిన కూరల గురించి మాట్లాడుకుని, ఇళ్లకు చేరాక పేజీలో జవాబు చెప్పుకునేవాళ్లం. ఒకనాడు ఆ సైటే మూతపడింది. మా రాతలు ఎటుపోయాయో తెలియదు.

ఇప్పుడు ఫోను నాకు నచ్చినవే ఏరి చూపిస్తుంది. నేను పిలవనిది ఏదీ వచ్చి నా రాత పైన కూర్చోదు. అక్క ఫోన్ చేస్తే బీపీ ఎంతుందో, మందులు వేసుకున్నానో లేదో అడుగుతుంది. ఆమె ఇంకా ఎక్కడో, ఏదో పేరుతో రాస్తూనే ఉందని నా అనుమానం. అందుకే అప్పుడప్పుడు ఊరి పేరు కొట్టి చూస్తుంటాను. ఆ అనుమానం నిజమైతే బాగుండునని, ఈ వయసులో ఒక ఆశ.