తలుపు తీసే ఉన్న మీటింగు

నాకు ముక్కు మీద కోపం అని మా ఆవిడ అంటుంది. నిజమే. ముఖ్యంగా ఎవరైనా "తలుపు తీసే ఉంది కదా, వస్తే ఎవరొద్దన్నారు?" అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మంట అన్నవాడి మీద కాదు. ఒకప్పుడు ఆ మాట విని, తల వంచుకుని పుస్తకంలో రాసుకున్న ఒక గుమాస్తా మీద. ఆ గుమాస్తా నేనే.

అప్పటికి కొత్త రాష్ట్రం వచ్చి కొన్నేళ్లే అయింది. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉండేవి. ఏ పెద్ద సంతకం కావాలన్నా కర్నూలు పోవలసిందే. సమితులు కొత్తగా పెట్టారు. ఎస్సెల్సీ ఎలాగో గట్టెక్కి నేను సమితి ఆఫీసులో గుమాస్తాగా చేరాను, అదీ టెంపరరీగా. గొర్రెలు కాసుకునే మా ఇళ్లలో ఆఫీసు మెట్లెక్కిన మొదటివాణ్ణి. మా నాయన సంతోషానికి పట్టపగ్గాలు లేవు. ఎవరు ఎదురైనా "మావాడు కుర్చీలో కూర్చొని రాస్తాడు" అని చెప్పుకునేవాడు. నేను కూర్చునేది స్టూలు మీద. ఆ సంగతి ఆయనకు నేను చెప్పలేదు. ఆయన గొర్రెలు కాస్తాడన్న సంగతి ఆఫీసులోనూ చెప్పలేదు.

మా ఊరు అర్ధవీడుకు కొంచెం ఇవతల, కొండల కింద ఉంటుంది. ఊరికి ఆనుకుని పెద్ద చెరువు. కట్ట మీద నిలబడి చూస్తే కళ్లు పట్టనన్ని నీళ్లు. కానీ గొర్రెకు అందే నీళ్లు ఒక్కచోటే. కట్ట వైపు నిటారుగా పేర్చిన రాళ్లు, అక్కడ మేక దిగుతుందేమోగాని గొర్రె దిగదు. మిగతా వైపుల ఎండాకాలం నీరు లోపలికి జరిగితే బురద తేలుతుంది. పైకి ఎండి నెర్రెలు విచ్చినట్టే కనపడుతుంది, కాలు పెడితే గొర్రె పొట్టదాకా దిగబడిపోతుంది. తూర్పు వైపు ఒక్కచోట మాత్రం గులకరాళ్ల నేల మెల్లగా వాలుగా నీళ్లలోకి దిగుతుంది. రాళ్ల రేవు అంటాం. చుట్టుపక్కల మందలన్నీ మధ్యాహ్నం వేళకు అక్కడికే చేరేవి. ఎవరి మంద ముందు, ఎవరిది వెనక అనే తగవు కూడా ఎప్పుడూ వచ్చేది కాదు.

పడవలు దింపడానికీ ఆ వాలే బాగుంటుందని మాకెవరికీ తట్టలేదు. అది పైవాళ్లకు తట్టింది. జిల్లా నుంచి వచ్చిన అధికారి ఒకాయన చెరువు పక్కనున్న బంగళాలో బస చేసి, సాయంత్రం కట్ట మీద షికారు చేసి, ఇంత చెరువు ఊరికే పడి ఉందే అని బాధపడ్డాడట. ఇంకేముంది, విహార స్థలం అన్నారు. పడవలు, పూలతోట, కూర్చోవడానికి సిమెంటు బెంచీలు. తోటలోకి గొడ్డూ గోదా రాకుండా రేవు చుట్టూ ముళ్లతీగ కంచె. దీనికంతా ఒక కమిటీ. అధ్యక్షుడు కనిగిరి రోడ్డులో నూనె మిల్లున్న పెద్దమనిషి. ఆయన మంచివాడే. కాకపోతే ఆయనకు చెరువుతో ఉన్న పరిచయమల్లా ఆదివారం కారులో వచ్చి చూసి పోవడమే.

మొదట్లో మీటింగులన్నీ బంగళాలో తలుపులు వేసుకునే జరిగాయి. మినిట్స్ పుస్తకం రాయడానికి నన్ను పిలిచేవారు. "ఇక్కడి మాట ఇక్కడే ఉండాలయ్యా" అని మా సమితి ఓవర్సీరు మొదటిరోజే చెప్పాడు. ఇంటికొస్తే నాయన కంచంలో సంగటి పెట్టుకుంటూ "ఏం మాట్లాడుకున్యారురా అంతసేపు?" అని అడిగేవాడు. "ఆఫీసు సంగతులు నాయనా" అనేవాణ్ణి. రేవు పోతోందని తెలిసీ ఆ ముద్ద నేనెట్లా మింగానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇంతలో కర్నూలు నుంచి ఒక కాగితం వచ్చింది. ఇది ప్రజల ప్రభుత్వం కాబట్టి ఇలాంటి కమిటీలు చాటుమాటుగా కూర్చోకూడదు, ముందుగా నోటీసు అంటించాలి, ఊళ్లలో దండోరా వేయించాలి, మీటింగుకు ఎవరైనా వచ్చి అభ్యంతరం చెప్పుకోవచ్చు. ఆ కాగితం చూసి నా ప్రాణం లేచివచ్చింది. నోటీసు నేనే గుండ్రటి అక్షరాలతో రాశాను. "ఆసక్తి గల ప్రజలు హాజరై తమ అభ్యంతరములు తెలుపుకొనవచ్చును" అన్న వాక్యం కింద గీత కూడా గీశాను. ఆ సాయంత్రమే ఇంటికి పోయి నాయనకు అంతా చెప్పేశాను.

"రాళ్ల రేవుకు కంచె ఏస్తారంట నాయనా."

"ఏస్తే గొర్రెలు యాడ తాగాల?"

"ఆ మాటే వచ్చి చెప్పండి. ఎవురైనా రావచ్చంట. కాగితంలో నేనే రాసినాను."

"మా మాట వాళ్లు ఇంటారా?"

"ఇనాల. ఇప్పుడు అట్ల రూలు వచ్చింది."

"సరే, నువ్వు లోపల ఉంటావు గదా" అన్నాడు. ఉంటానన్నాను. అంతే, ఇంకేమీ చెప్పలేదు. చెప్పవలసినది ఒకటి ఉందని నాకే తట్టలేదు.

మా కులంలో పంచాయితీకి ఒక పద్ధతి ఉంది. మాట చెప్పుకోవలసినవాడు నేరుగా పోయి పెద్దల ముందు నిలబడడు. కొంచెం ఎడంగా గొంగడి పరిచి, చేతికర్రను పక్కన నేల మీద పెట్టి కూర్చుంటాడు. కర్ర నిలబెట్టి పట్టుకున్నవాడు దారిన పోయేవాడు, కర్ర నేల మీద పెట్టినవాడు మాట ఉన్నవాడు. అది చూసి పెద్దల్లో ఒకరు లేచి వచ్చి "రా నాయనా, నీ మాట చెప్పు" అని పిలవాలి. పిలవకముందే పోతే వాడికి మర్యాద తెలియదంటారు, వాడి మాట చెల్లదు. చూసి కూడా పిలవకపోతే తప్పు పెద్దలది. ఈ పద్ధతి నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. నోటీసులో అన్నీ రాశానుగాని, అక్కడ ఎవరూ పిలవరు, మీరే లోపలికి నడిచి రండి అన్న మాట నాయన చెవిన వేయలేదు.

మీటింగు రోజు పొద్దున పదిగంటలకు బంగళా తలుపులు బార్లా తీశారు. అధ్యక్షుడు తానే దగ్గరుండి తీయించాడు. కిటికీ పక్కన నా స్టూలు. అక్కడి నుంచి చూస్తే ఎదురుగా వేపచెట్టు కింద మావాళ్లు ఏడెనిమిది మంది. గొంగళ్లు పరుచుకుని, కర్రలన్నీ వరసగా నేల మీద పెట్టి కూర్చున్నారు. అందరికంటే ముందు నాయన. ఉతికిన తలగుడ్డ చుట్టుకుని, పండక్కి నేను కుట్టించిన చొక్కా వేసుకున్నాడు. చూడగానే నాకు అర్థమైంది. వాళ్లు పిలుపు కోసం కాచుకున్నారు.

వేరే విషయాలు అయ్యాక రేవు సంగతి వచ్చింది. అధ్యక్షుడు కళ్లద్దాలు సవరించుకుని "ప్రజలెవరైనా వచ్చారా?" అని అడిగాడు. ఓవర్సీరు గుమ్మం దాకా పోయి చూసొచ్చాడు.

"ఎవరూ రాలేదండి. గొర్రెలవాళ్లెవరో చెట్టు కింద సేద తీరుతున్నారు."

"తలుపు తీసే ఉంది కదా. వస్తే ఎవరొద్దన్నారు? ఇంకో అయిదు నిమిషాలు చూద్దాం" అన్నాడు అధ్యక్షుడు.

అందరూ కాఫీలు తాగుతూ చూశారు. వాళ్లు నిజంగానే చూశారు, అది నేను కాదనను. లోపలివాళ్లు వాళ్లు వస్తారని, బయటివాళ్లు వీళ్లు పిలుస్తారని. మధ్యలో పది అడుగుల వరండా. ఆ వరండా దాటి పోయి ఒక్క మాట అనగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను లేచాను కూడా. కిటికీలోంచి నన్ను చూసి నాయన తలగుడ్డ సర్దుకుని తానూ సగం లేచాడు.

"ఏమయ్యా, ఎక్కడికి?" అన్నాడు ఓవర్సీరు.

"సిరా అయిపోయిందండి" అన్నాను.

సిరా అయిపోలేదు. బీరువాలోంచి ఇంకో బుడ్డి తెచ్చుకుని మళ్లీ స్టూలు మీద కూర్చున్నాను. బయట నాయన కూడా కూర్చున్నాడు. గుమాస్తా తన మనుషుల్ని పోగుచేసి తెచ్చాడంటారేమోనని భయం. ఇక ఉద్యోగం పర్మనెంటు కాదేమోనని భయం. అంతకంటే, చెట్టు కింద కూర్చున్న ఆయన మా నాయన అని అందరి ముందూ చెప్పడానికి సిగ్గు. ఇన్నేళ్లలో దీనికి ఇంకేదైనా కారణం దొరుకుతుందేమోనని చాలా వెతుక్కున్నాను. దొరకలేదు.

అయిదు నిమిషాలు అయ్యాక అధ్యక్షుడు చెప్పింది చెప్పినట్టు రాశాను. "ప్రజల నుండి ఎవరునూ హాజరు కాలేదు. అభ్యంతరములు లేవు. తీర్మానము ఏకగ్రీవముగా ఆమోదింపబడినది."

కార్లు వెళ్లిపోయాక చెట్టు దగ్గరికి పోయాను. అందరూ ఇంకా అట్లాగే కూర్చుని ఉన్నారు.

"అయిపోయినాదా?" అన్నాడు నాయన.

"అయిపోయింది."

"మమ్మల్ని పిల్చలేదే?"

"అక్కడ పిల్చరు నాయనా. మనమే లోపలికి పోవాల."

నాయన నా ముఖంలోకి చూశాడు. కోపగించుకుంటే బాగుండేది. "వాళ్ల పద్ధతి మాకు తెల్వదు. మా పద్ధతి వాళ్లకు తెల్వదు. రెండూ తెలిసినోడివి నువ్వేగదరా" అన్నాడు. తర్వాత కర్ర తీసుకుని, గొంగడి దులిపి భుజాన వేసుకుని నడిచాడు. మిగతావాళ్లూ ఆయన వెనకే పోయారు.

కంచె పాతేటప్పుడు మావాళ్లు ఆఫీసుకే వచ్చారు. ఈసారి పిలుపు కోసం ఆగలేదు, నేరుగా లోపలికే వచ్చి నిలబడ్డారు. మా సమితి అధికారి విసుక్కోలేదు. మినిట్స్ పుస్తకం తెప్పించి, పేజీ తీసి, నా చేతికిచ్చి "వాళ్లకు చదివి వినిపించు" అన్నాడు. చదివాను. "ఎవరునూ హాజరు కాలేదు" దగ్గర పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని చదివాను. ఆ రోజు చెట్టు కింద కూర్చున్నవాళ్లందరూ నా ఎదురుగా నిలబడి, తాము రాలేదన్న మాట నా నోటి నుంచే విన్నారు. అంతా అయ్యాక నాయన గుమ్మం దగ్గర ఆగి "బాగా చదివినావు" అన్నాడు. కసిగా అన్నాడో, కొడుకు అంత పెద్ద పుస్తకం తడబడకుండా చదివాడని నిజంగానే అన్నాడో నాకు ఈనాటికీ తెలియదు. రెండోదే అయితే అది ఇంకా భరించలేను.

వాళ్లు పోయాక అధికారితో నిజం చెప్పాను. వచ్చారండీ, పిలుపు కోసం బయట కూర్చున్నారండీ అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "అయితే అప్పుడే చెప్పొద్దూ? సంతకాలయిపోయిన పుస్తకం ఇప్పుడెట్లా దిద్దుతాం?" అన్నాడు. న్యాయమైన మాటే. నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు. పైగా ఆ ఏడే పర్మనెంటు చేశారు.

ఆ ఎండాకాలం మా మందలో రెండు గొర్రెలు బురదలో దిగబడి చచ్చాయి. ఒకదాన్ని నాయనా చిన్నాయనా తాడేసి లాగారుగాని, లాగేసరికే దాని ప్రాణం పోయింది. వర్షాకాలం రాకముందే నాయన సగం మందను అమ్మేసి, మిగిలినవాటిని యర్రగొండపాలెం వైపు తోలుకుపోయాడు. అక్కడ అడవి అంచున వాగులున్నాయని ఎవరో చెప్పారట. రాళ్ల రేవులో ఒక పడవ వచ్చింది. కొన్నాళ్లు ఆదివారాలు తిరిగింది, ఆ తర్వాత ఒడ్డున బోర్లా పడింది. పూలతోటకు నీళ్లు పోసే దిక్కు లేదు. కంచె మాత్రం చెక్కు చెదరలేదు.

తర్వాత నాకు పెళ్లయింది, మార్కాపురం బదిలీ అయింది, ఆఫీసు దగ్గరే ఇల్లు తీసుకున్నాం. నాయన మొదటిసారి ఆ ఇంటికి వచ్చిన రోజు మా ఆవిడ కంగారుగా లోపలికి వచ్చింది.

"మామ వాకిట్లో కూర్చున్యాడు. ఎన్నిసార్లు రమ్మన్నా రాడు. నువ్వు పిలవాలంట."

పోయి చూస్తే గోడవార గొంగడి పరుచుకుని, కర్ర నేల మీద పెట్టి కూర్చుని ఉన్నాడు. "రా నాయనా, నీ మాట చెప్పు" అన్నాను. లేచి వచ్చాడు. మాట అంటూ ఏమీ చెప్పలేదు. మజ్జిగ తాగాడు, వానల గురించి మాట్లాడాడు, పోయాడు. ఆ తర్వాత ఎప్పుడు వచ్చినా అంతే. మా ఆవిడకు మొదట కోపం వచ్చేది, తర్వాత అలవాటైపోయింది. నేను మాత్రం ఎంత పనిలో ఉన్నా ఆయన గొంతు వినపడగానే పరుగెత్తుకుపోయి పిలిచేవాణ్ణి.

ఆయన చివరిసారి వచ్చినప్పుడు నేను ఒక మీటింగులో ఉన్నాను. ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. గోడ నీడ జరిగిపోయి ఆయన పూర్తిగా ఎండలో ఉన్నాడు. మా ఆవిడ గొడుగు పట్టుకుని పక్కన నిలబడి ఏడుస్తోంది. పొద్దుటి నుంచీ నీళ్లు కూడా ముట్టలేదట. పిలిచాను. లేవబోయి లేవలేకపోయాడు. చెయ్యి పట్టుకుని లేపి, లోపలికి తీసుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టి, నీళ్లు తాగించాను. ఇన్నేళ్లుగా అడగడానికి భయపడినది ఆ రోజు అడిగేశాను.

"నీ మాట ఏంది నాయనా? చెప్పు."

"మాటేం లేదురా" అన్నాడు. "పిలుస్తావో పిలవవో చూద్దామని."