మొక్కు సంగతి డాక్టరుకు చెప్పలేదు

మా పాప వల్లికి రెండో నెల నడుస్తున్నప్పుడు, ఒక ఉదయం పాలిస్తుంటే దాని నుదురంతా చెమట పట్టింది. మార్గళి నెల, అంటే ధనుర్మాసం చలి, నేనే దుప్పటి కప్పుకొని కూర్చున్నాను. నాలుగు గుక్కలు తాగి వదిలేసింది, రొప్పింది, మళ్ళీ పట్టుకుంది.

నాది మొదటినుంచీ అనుమానపు బుద్ధి. ముందు నా పాలనే అనుమానించాను. తర్వాత, బిడ్డను చూసి "ఎంత ముద్దుగా ఉండాది" అన్న ఎదురింటామెను. మా అత్త ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు కాబట్టి దిష్టేనని తేల్చేశాం. బిడ్డ బరువు మాత్రం పెరగలేదు.

టీకాకు పోయినప్పుడు అక్కడి నర్సు బరువు చూసి, తిరువళ్ళూరులో పిల్లల డాక్టరుకు చూపించమంది. ఆయన స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, "గుండె చప్పుడులో మర్మర్ ఉందమ్మా, ఎకో స్కాన్ తీయాలి" అన్నాడు. ఎకోలో వి.ఎస్.డి. అని తేలింది. గుండెలోని కింది రెండు గదుల మధ్య గోడలో రంధ్రం. దానిగుండా రక్తం ఊపిరితిత్తులకు ఎక్కువగా పోతోందట, అందుకే ఆ రొప్పు. చిన్న రంధ్రాలైతే కొన్ని వాటంతట అవే మూసుకుంటాయట. ఇది పెద్దది, ఆపరేషన్ చేయాలన్నాడు.

"కడుపులో ఉన్నప్పుడు స్కాన్ తీసినారు కదా సార్, అప్పుడు లేని బొక్క ఇప్పుడు యాడ నుంచి వచ్చింది?" అని నిలదీశాను.

"అన్నీ ఆ స్కాన్‌లో కనపడవమ్మా. నువ్వు తిన్నదానివల్ల వచ్చింది కాదు, చేసినదానివల్ల వచ్చింది కాదు."

నేను అడగని దానికి జవాబెందుకు చెప్పాడా అని అదీ అనుమానమే. రిపోర్టు సంచిలో దాచి, ఏమీ తెలియనట్టు ఇంకో డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ఆమె కూడా ఎకో తీసి వి.ఎస్.డి. అనే చెప్పింది. ఇద్దరూ ఒకే మాట అంటే నమ్మాలి కదా! ఇద్దరూ ముందే మాట్లాడుకున్నారేమో అనుకున్నాను నేను. అయినా రాసిచ్చిన డ్రాప్స్ వేశాం, బిడ్డ కాస్త తేరుకుంది. ఆపరేషన్‌కు చెన్నై ఆస్పత్రికి రమ్మన్నారు.

అప్పుడు మొక్కు అడ్డం వచ్చింది. మా ఇంట్లో పుట్టువెంట్రుకలు తిరుత్తణి కొండమీద, మేనమామ ఒడిలో కూర్చోబెట్టి తీయించాలి. అంతవరకు బిడ్డ ఒంటికి కత్తి తగలకూడదు. ఆ మేనమామ, అంటే మా తమ్ముడు, లారీ తోలుకుంటూ ఒరిస్సా దిక్కు పోయి ఉన్నాడు.

"వాడు రానీ మే. కొండకు పోయొచ్చినంక ఆపరేషన్ చేపిస్తాం" అంది అత్త.

"అంతవరకు బిడ్డ తట్టుకుంటుందా అత్తా?"

"సామి చూసుకోడా?"

మగబిడ్డయితే ఈమె ఇట్లా అనేదా అని లోపల మండింది. నా బిడ్డ ఉన్నా పోయినా ఈమెకు ఒకటేనని అనుకున్నాను. కానీ సామి భయం నాకూ ఉంది, చెప్పిన తేదీకి ఆస్పత్రికి పోలేదు. ఎందుకు రాలేదని ఆస్పత్రివాళ్ళు ఫోన్ చేస్తే, "బిడ్డకు జలుబు సార్" అన్నాను. నిజం చెబితే నవ్వుతారని.

ఆడిన అబద్ధమే నిజమైంది. తమ్ముడు రాకముందే పాపకు దగ్గు, జ్వరం పట్టుకున్నాయి. ఊపిరి తీస్తే పక్కటెముకలు లోపలికి పోతున్నాయి. చెన్నైకి పరుగెత్తాం. న్యుమోనియా అన్నారు. నర్సు చేతుల్లో, కాళ్ళలో వెతికి, "నరంబే కిడైక్కలమ్మా" అని, నరం దొరకనందుకు తలమీద సూది పెట్టడానికి రేజరు తీసింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. నా చెయ్యి పట్టి లాగేసింది మా అత్తే.

"నువ్వు గొరుగు తల్లీ. సామితో నేను మాట్లాడుకుంటా" అని నర్సుకు చెప్పి, భోరున ఏడ్చింది. రాలిన వెంట్రుకలు ఏరి కొంగున ముడేసుకుంది. నా బిడ్డ ఆమెకూ కావాలని ఆ రోజే నమ్మాను.

రౌండ్స్‌కు వచ్చిన గుండె డాక్టరు ఆ ముడి సంగతేందని అడిగాడు. అత్త అంతా చెప్పేసింది.

"దీనికా ఆగినారు? మాదీ తిరుత్తణి పక్కనే, పొదటూరుపేట. మా పిల్లోళ్ళకూ కొండమీదే తీసినాం" అన్నాడు. ఆయన గొంతులో కోపముంది. "ఒక మాట అడిగుంటే, నాలుగు వెంట్రుకలు కత్తిరించి పసుపుగుడ్డలో కట్టుకోండి, మిగతావి తర్వాత ఇచ్చుకోండి అని నేనే చెప్పుండేవాణ్ణి కదమ్మా. ఇప్పుడు ఊపిరితిత్తులు బాగయ్యేదాకా ఆపరేషన్ చేయలేను."

బాగవుతాయో లేదో ఎవరూ మాట ఇవ్వలేదు. ఆ ఎదురుచూపులు పగవాళ్ళకు కూడా వద్దు. మెల్లగా ఆక్సిజన్ తీసేశారు, ఆ తర్వాత ఆపరేషన్ చేసి రంధ్రానికి ప్యాచ్ వేశారు. ఐసీయూలో మానిటర్ కూతపెట్టినప్పుడల్లా వీళ్ళేదో దాస్తున్నారనే అనుకున్నాను. ఏమీ దాయలేదు. పాప ఆకలేసి ఏడ్చిన రోజు నేనూ ఏడ్చాను.

ఇప్పుడు వల్లి ఎల్.కె.జి. చదువుతోంది. వీధిలో పరుగెత్తితే నేను పట్టుకోలేను. అత్త కొంగున ముడేసిన వెంట్రుకలు తర్వాత తమ్ముడితో కలిసి కొండమీద ఇచ్చుకున్నాం. రివ్యూకు పిలిచినప్పుడల్లా తీసుకుపోతాం. రిపోర్టు నార్మల్ అన్నా రెండుసార్లు అడిగి గానీ లేవను. డాక్టరుకు అలవాటైపోయింది.

తోటి తల్లులకు నేను చెప్పేది ఒకటే. వైద్యం వాయిదా వేయమని అడిగేటప్పుడు అసలు కారణం చెప్పండి. మొక్కు కానీ, ముహూర్తం కానీ, ఇంట్లో పెద్దల మాట కానీ, ఏదైనా సరే. డాక్టరు నవ్వి ఉంటే నాకు కాసేపు సిగ్గేసేది, అంతే. చెప్పనందుకు నా బిడ్డ ప్రాణం మీదికొచ్చింది.