చిన్నవ్వ కుక్కిన చీర

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఏసీ మెకానిక్‌కు అది పనికిరాదని తెలుసు, కానీ ఏం చేయను, మా కోరుట్ల నీళ్లే అలాంటివి. ఖతర్‌లోని అల్ తుమామాలో మేం చూసే బిల్డింగులో అందరి ఏసీలూ నా మాట వినేవి, ఒక్క రత్నాకర్ ఇంట్లోది తప్ప. ఆ ఇంట్లోనే నాకు చిన్నవ్వ తగిలింది.

చిన్నవ్వ రత్నాకర్‌కు అత్త. కూతురు స్వర్ణ కాన్పు కోసం జగిత్యాల పక్క పల్లె నుంచి మొదటిసారి విమానమెక్కింది. అడిగినవాళ్లందరికీ దుబాయ్ పోతున్నానని చెప్పి ఖతర్‌లో దిగింది. బీడీలు చుట్టిన వేళ్లు ఊరికే ఉండలేవు, చేతికి దొరికిన గుడ్డనల్లా మడతపెడుతుండేవి. అల్లుడంటే మాత్రం మహా మర్యాద. అతను హాల్లోకి వస్తే కొంగు నెత్తిమీదికి లాక్కొని గదిలోకి తప్పుకునేది. ఏం కావాలన్నా కూతురితోనే చెప్పించేది. అతనూ అంతే, అత్త ఉన్న బాలింత గదిలో అడుగు పెట్టడు. తలుపు బయటే నిలబడి పాపను అందుకునేవాడు.

హాలు గడ్డకడుతోంది, బాలింత గదేమో ఉడికిపోతోంది, పాపకు చెమటకాయలు లేచాయి అని కంప్లెయింట్ వచ్చింది. మా బిల్డింగులో ఒకచోట చల్లబరిచిన నీళ్లు పైపుల్లో గదిగదికీ తిరుగుతాయి. ఒక్క గదే చల్లబడలేదంటే పైపులో గాలి పట్టి ఉండాలి, లేదా నీళ్లు సరిగా అందకపోవాలి. వెళ్లి చూస్తే గదిలో చల్లగాలి బ్రహ్మాండంగా వస్తోంది. అయినా పైపులో గాలి తీసి, జాలీ కడిగి వచ్చాను. మర్నాడు మళ్లీ కంప్లెయింట్. ఈసారి హాలుకు వెళ్లే నీళ్లు తగ్గించి గదికి పెంచాను. నేను కిందికి దిగిన కాసేపటికే గది మళ్లీ వేడెక్కిందట. డాక్టరును చూడగానే జ్వరం తగ్గే పిల్లాడిలా ఉంది దాని వ్యవహారం.

"ఆ ఇంట్లకెళ్లి ఇంకో కంప్లెయింట్ వస్తే నిన్ను సైట్‌కు పంపుత, మియా," అన్నాడు సూపర్‌వైజర్ ఫయాజ్. అరిగిన మోకాళ్లతో ఈ ఎండల్లో సైట్ పని నా వల్ల కాదు, సామాను సర్దుకొని ఇంటికి పోవడమే. నిజంగానే భయం పట్టుకుంది.

మూడోసారి రత్నాకర్ ఆఫీసుకు కాకుండా నాకే ఫోన్ చేశాడు, ఆఖరి అవకాశమన్నట్టు. వెళ్లాను. గది చల్లగానే ఉంది. అతను పాపకు పౌడర్ తేవడానికి నాతోపాటే కిందికి దిగాడు. బండి దగ్గరికి వచ్చాక స్క్రూడ్రైవర్ మరిచిపోయానని తెలిసి వెనక్కి వెళ్లాను. వాకిలి తీసే ఉంది. గదిలో చిన్నవ్వ స్టూలెక్కి, తలుపుకు పైన గాలి వచ్చే జాలీలో పాత నేత చీర కుక్కుతోంది. నేనొస్తున్నానంటే తీసేసి, పోగానే మళ్లీ కుక్కుతోందన్నమాట. బయట నిలబడే రత్నాకర్‌కు ఆ జాలీ ఎన్నటికీ కనబడదు. చెవుల్లో దూది, తలకు గుడ్డ కట్టుకొని పడుకున్న స్వర్ణ నన్ను చూసి కళ్లు మూసుకుంది. పాపం, తల్లికీ మొగుడికీ మధ్య నలిగిపోతోంది.

"ఏందవ్వా ఇది? నా నౌకరి తీస్తవా?"

"మెల్లగ కొడుకా, పిల్ల లేస్తది," అంటూ స్టూలు దిగింది. "పచ్చి బాలింతకు సల్లగాలి తగిలితే వాతం పట్టదా? మీ అమ్మ నీ పెండ్లానికి గిట్ల చెయ్యలేదా?"

చేసింది. నా భార్య నూరైన్ కాన్పప్పుడు మా అమ్మీ నడి ఎండాకాలంలో కిటికీలకు బొంతలు కట్టింది. నేను ఫోన్లో ఎంత అరిచినా వినలేదు.

"మరి మీ అల్లునికి చెప్పరాదు?"

"బిడ్డ చెప్పనంటది, అల్లునితోని నేనెట్ల మాట్లాడుత? నీ కాల్మొక్త కొడుకా, ఆయనకు చెప్పకు. ఇజ్జత్ పోతది."

చీర లాగి నా సంచిలో వేసుకున్నాను. జాలీ రెక్కలను పైకప్పు వైపు తిప్పాను. ఇక గది చల్లబడుతుంది కానీ గాలి మంచం మీద పడదు. చిన్నవ్వ మంచం మీద చెయ్యి పెట్టి చూసుకుంది.

"గింతేనా?"

"గింతే. మొదటి రోజే చెప్తే గింతే అవుతుండె," అన్నాను.

అంతలో రత్నాకర్ పౌడర్ డబ్బాతో వచ్చాడు. హాల్లోకి వచ్చిన నన్ను చూడగానే ముఖం మాడ్చుకున్నాడు.

"మల్ల ఖరాబయిందా? నీతోని కాదు భాయ్. వేరేటోన్ని పంపుమని చెప్త," అంటూ ఫోన్ చెవికి పెట్టాడు.

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. సంచిలోంచి చీర తీస్తే ఆ ముసలామె తలెత్తుకోలేదు, తీయకపోతే నా పని అయిపోయినట్టే. అంత కోపంలోనూ నా చెయ్యి సంచిలోకి పోలేదు.

చిన్నవ్వ కొంగు సర్దుకొని హాల్లోకి వచ్చింది. అల్లుడి ఎదురుగా నిలబడింది.

"ఫోన్ పెట్టెయ్, అల్లుడా. ఈ పిలగాని తప్పేం లేదు. గాలొచ్చేకాడ చీర కుక్కింది నేనే."

రత్నాకర్ ఫోన్ దించాడు. పెళ్లయిన నాటి నుంచి అత్త అతనితో నేరుగా మాట్లాడటం అదే మొదటిసారి.

"సరే... సరే అత్తమ్మా," అన్నాడు.

చిన్నవ్వ గదిలోకి తిరిగి పోలేదు.

"ఎట్లాగు నోరిప్పిన గనుక ఇంకోటి గుడ చెప్త. ఈ పిలగాడు ఇన్నిసార్లు ఎండల పడి వచ్చిండు. ఒక్కసారన్న మంచినీళ్లిచ్చినవా? నీతోని మాట్లాడరాదని నేను ఊకున్న. పో, తే."

లుసైల్‌లోని తన ఆఫీసులో పదిమందికి పని చెప్పే రత్నాకర్ గబగబా వంటింట్లోకి నడిచాడు. చిన్నవ్వ నా సంచిలోంచి చీర తీసుకొని, సోఫా అంచున కూర్చొని మడత పెట్టసాగింది. అల్లుడు నీళ్లు తెచ్చినా లేవలేదు. ఆ నీళ్లు తాగుతుంటే నాకు మా అమ్మీ గుర్తొచ్చి ఏడుపొచ్చింది.