తెర మూలన దొంగ చీర

సూరత్‌లో ఒక చీరల మిల్లులో డిజైనర్‌గా చేరిన కొత్తలో జరిగింది. కంప్యూటర్ తెర మూలన, ఏ ఫైలు తెరిచినా కనబడేలా రంగుల నంబర్లు పెట్టుకుని పనిచేసేదాన్ని. ఒకరోజు సూపర్‌వైజర్ మల్లేశన్న వాటిని తీసేసి, అక్కడ మరో మిల్లు చీర ఫొటో పెట్టాడు.

“గిది చూస్కుంట అచ్చం గిట్లనే గీయి చెల్లె. కింద గీసినామె పేరున్నది, అది మాత్రం రానియ్యకు.”

ఆ పేరు మా చర్చి సంఘంలో నా పక్కన కూర్చునే అక్కది.

“దొంగతనం నేను చెయ్యను అన్నా.”

“పాపం, పుణ్యం ఆదివారం చూస్కో. నౌకరీ కావాల్నా, వద్దా?” అని నవ్వాడు.

ఫొటో మూసేసి, బ్యాగు తీసుకుని వచ్చేశాను. వేరే పని దొరకడానికి నెలలు పట్టింది. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ రోతే. ఆ అక్క కష్టాన్ని దొంగిలించిన చేతులు జోడించి, ఆమె పక్కనే దేవుణ్ణి ఎలా ప్రార్థించేదాన్ని?